ఏటి ఒడ్డున బడి కట్టాలంటే
(నల్లమాడలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర ఒక శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి సీమను ఏలుతూ ఆ చెరువు కట్టించి, 1369లో దాన్ని చెక్కించాడు. ఫలానా రాజు ఫలానా భూమి దానమిచ్చాడని చెప్పే శాసనాలు మనకు కొల్లలు. ఈ రాయి మాత్రం పని నేర్పుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది, ఆరు దోషాలు తప్పించుకోమంటుంది. కట్టించేవాడికి ధర్మబుద్ధీ సొమ్మూ ఉండాలి, నీటి శాస్త్రం తెలిసినవాడు పక్కన ఉండాలి. గట్టి బంకనేల కావాలి. మూడు యోజనాల అవతల పుట్టి వచ్చే తియ్యటి నీటి ఏరు, దాన్ని ఆనుకొని కొండలు, ఆ కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, లోతైన గర్భం, దగ్గర్లోనే పొడుగాటి తిన్నని రాళ్లు దొరికే చోటు, కట్ట కింద చదునైన పొలాలు ఉండాలి. ఇవన్నీ చెప్పి, పని తెలిసిన మనుషుల గుంపు కూడా ఒక అంగమే అంటుంది. ఇక దోషాలు: కట్ట ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల పొలిమేరలో పడటం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై చోటు చాలకపోవడం. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా చెక్కారు.

ఈ సభకు వచ్చేముందు ఆ పన్నెండింటినీ మళ్లీ చదువుకున్నాను. అందులో దూరం నుంచి తెప్పించుకోవలసిన వస్తువు ఒక్కటీ లేదు. నేల, ఏరు, కొండ, రాయి, పొలం, మనిషి, అన్నీ కట్ట మీద నిలబడితే కంటికి ఆనేవే. ఏటి ఒడ్డున వాతావరణం గురించి ఊరంతా కూర్చొని నేర్చుకునే చోటు ఒకటి కట్టుకుంటే బాగుంటుందని మీలో కొందరు నాతో అన్నారు. అది ఎలా ఉండాలో చెప్పమన్నారు. నా జవాబు ఆ రాతి మీద చాలామటుకు ఉంది. మిగిలింది మన కాలం జోడించింది.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో వారిని మీరంతా అయ్యవారు అనే పిలిచారు, నేనూ అలాగే పిలుస్తాను. వాన పడిన మర్నాడు ఆయన పిల్లల్ని తరగతిలో కూర్చోబెట్టేవారు కాదట. వంక గట్టుకు తీసుకుపోయి నీళ్లు ఎక్కడ నిలిచాయో, మట్టి ఎక్కడ కోసుకుపోయిందో చూపించేవారని ఆయన శిష్యులు చెబుతారు. కాబట్టి ఈ విషయం ఆయనకు కొత్త కాదు.

మన వాన సంగతి ముందు చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అవతలే కురిపించుకుంటాయి. ఈశాన్యం తూర్పు తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి బలం తగ్గుతుంది. రెండు వానల మధ్య మిగిలిపోయిన మెట్ట ఇది. అయితే సగటు అన్న మాట మన రైతుకు అక్కరకొచ్చేది కాదు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో చినుకు పడకపోతే, ఆ తర్వాత కుండపోతగా కురిసి సగటు నిండినా చెట్టు కింద కాయ ఉండదు. లెక్కలో వాన కురిసినట్టే ఉంటుంది, కళ్లంలో పంట కనబడదు.

భూమి వేడెక్కుతున్న కొద్దీ ఈ బాధ ముదురుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఆవిరిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, వదిలినప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. ఎండు రోజులు పొడుగవుతాయి, వాన రోజులు ఉధృతమవుతాయి. ఇది పుస్తకంలో చదివి నమ్మవలసిన అవసరం మీకు లేదు. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో పదిమంది చిక్కుకుపోతే వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి వాళ్లను పైకి లాగింది. చిత్రావతిలో! ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే పారే ఏరు అది. మరుసటి ఏడు అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వంక దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం, వంక తన దారి మరిచిపోలేదు.

అందుకే ఏటి ఒడ్డు అనగానే నీటి అంచున అందంగా కట్టిన భవనం మన కళ్లముందు మెదలకూడదు. మొదటి పని స్థలం ఎంచడం. 2021 వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లను వెంటబెట్టుకొని నడిచి, వాళ్లు చూపిన ప్రతి చోటా ఒక రాతి కూసం పాతాలి, దాని మీద తేదీ చెక్కాలి. బడికి పునాది తీయకముందే పాఠం అక్కడ మొదలవుతుంది. కట్టడం ఆ కూసాల వరుసకు పైన, మెరక మీద ఉండాలి. కూసాలకూ ఏటికీ నడుమ ఉన్న నేలను ఎవరూ ముట్టుకోకూడదు. అక్కడ కానుగ, వావిలి, నేరేడు, ఈత పెరగనివ్వాలి. ఆ వేళ్లే గట్టును పట్టి ఉంచుతాయి. సర్కారు కంపను మాత్రం ఏటా పెరికించాలి, లేకుంటే మిగతా అన్నిటినీ మింగుతుంది.

రెండో సంగతి ఇసుక. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. ఏటి గురించి నేర్పే బడిని ఆ ఏటి ఇసుకతోనే కాంక్రీటు పోసి కడితే, ఆ బడి చెప్పే మాట ఏ పిల్లవాడూ నమ్మనక్కర్లేదు. ముతక ఇసుక ఘనమీటరుకు ఇంచుమించు 250 లీటర్ల నీళ్లను దాచి, మనం తోడుకుంటే తిరిగి ఇస్తుంది. ఎండకు ఆవిరైపోకుండా నీళ్లను దాచుకునే గిడ్డంగి అది. చెలమలు తీసి తాగినవాళ్లకూ, ఏటి ఇసుకలో ఊటకాలువలు తవ్వి మడి పారించినవాళ్లకూ ఇది తెలుసు. ట్రాక్టర్లలో ఇసుక పోయిన చోట్ల ఒడ్డు బావులు ఎందుకు ఎండాయో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే దేనితో కట్టాలి? మన తాతలు కట్టిన మిద్దెను ఒకసారి విప్పి చూద్దాం. గోడలు రాయీ మట్టీ, మూరకు తక్కువ కాని మందం. పైన దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద కట్టెలు పరిచి, ఆకో బోదగడ్డో కప్పి, మట్టి తొక్కి, అన్నిటికీ పైన చౌడు. మధ్యాహ్నపు ఎండ ఆ గోడ దాటి లోపలికి చేరేసరికి పొద్దు కుంకుతుంది, అప్పటికి బయట చల్లగాలి వీస్తుంటుంది. రేకుల కింద మే నెలలో కూర్చున్నవాళ్లకు ఈ తేడా వేరే వివరించాలా? అయినా బడిలో దాన్ని కొలవాలి. మిద్దె కింద ఒక ఉష్ణమాపకం, పక్కనున్న ఏదైనా రేకుల కొట్టంలో ఒకటి పెట్టి, పిల్లలు గంట గంటకూ రాసుకోవాలి. వాళ్లు గీసిన రెండు గీతలు వేడి గురించి మనమిచ్చే ఏ ఉపన్యాసం కంటే మేలు.

చౌడు దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు మన కట్టుబడి అంతటిలోనూ దీనికంటే గొప్ప విషయం కనబడలేదు. పోరుమామిళ్ల శాసనం చౌడునేలను దోషంగా చెప్పింది. మన మిద్దెలవాళ్లు అదే చౌడును నెత్తిన పెట్టుకున్నారు. ఇద్దరిదీ నిజమే. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే అందులోని బంకరేణువులు ఒకదాన్నొకటి వదిలేసి విడిపోతాయి, ఉబ్బుతాయి. చెరువు కట్టలో, వెనక నీటి ఒత్తిడి ఉన్నచోట, అలా విడిపోయిన మట్టి నీళ్ల వెంట కొట్టుకుపోయి బొరియ పడుతుంది, కట్ట తెగుతుంది. మిద్దె మీద పలచని పొరగా, ఒత్తిడి లేనిచోట, అదే రేణువులు ఉబ్బి సందులన్నిటినీ పూడ్చేస్తాయి, నీళ్లు దిగవు. ఒకే మట్టి ఒకచోట చేటు, ఒకచోట కాపు. దీన్ని ఏ ప్రయోగశాలా చెప్పకముందే మనవాళ్లు కనిపెట్టారు. పిల్లలకు మట్టి రసాయనం నేర్పాలంటే దీన్ని మించిన పాఠం నేనైతే ఎక్కడా చూడలేదు.

మిద్దె మీద పడిన నీళ్లను వృథాగా పోనివ్వకూడదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. వంద చదరపు మీటర్ల కప్పు మీద మన 550 మిల్లీమీటర్లు పడితే 55,000 లీటర్లు. ఐదో వంతు పోయినా 44,000 మిగులుతాయి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కళాశాల ప్రాంగణం ఇలాగే కప్పుల మీది నీళ్లను నేల కింది తొట్టిలోకి దించుకుంటుంది. మనకు తొట్టి గోడ మీద ఒక కొలత గీత ఉంటే చాలు. ఐదో తరగతి పిల్లవాడు గుణకారం అక్కడే నేర్చుకుంటాడు.

మట్టి అనగానే ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. తరతరాలు బోదకొట్టాల్లో బతికి, నిప్పు రవ్వకు ఇల్లు బుగ్గి అవడం చూసి, తేళ్ల మధ్య పిల్లల్ని పెంచినవాళ్లకు పక్కా ఇల్లు అంటే పరువు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు పేదలకు కట్టించిన వేల ఇళ్లు ఆ పరువు నిలబెట్టినవే. వాళ్లతో మళ్లీ మట్టింటికి పొమ్మని చెప్పే హక్కు సిమెంటు ఇంట్లో పడుకునే ఎవరికీ లేదు. అందుకే ముందుగా ఊరి కట్టడం మట్టిది కావాలి. అది చల్లగా, గట్టిగా, అందంగా నిలిచిందని ఊరు కళ్లారా చూశాక ఎవరింటికి ఏది కావాలో వాళ్లే తేల్చుకుంటారు.

మనలాంటి మరో ఎండు సీమలో ఇదే జరిగింది. పశ్చిమాఫ్రికాలోని బుర్కినాఫాసోలో గాందో అనే పల్లెకు చెందిన ఫ్రాన్సిస్ కెరె జర్మనీలో వాస్తుశిల్పం చదువుకుంటూనే తన ఊరికి బడి కట్టించాడు. 2001లో అది పూర్తయింది. మట్టితో అనగానే ఊరివాళ్లు మొదట ఒప్పుకోలేదు, వానకు మట్టి ఎక్కడ నిలుస్తుందన్నారు. మట్టికి కొంచెం సిమెంటు కలిపి ఇటుకలు చేసి, వాటినే పైకప్పుగా పరిచి, దాని మీద ఎడం వదిలి రేకుల కప్పు ఎత్తుగా నిలబెట్టాడు. రేకు వేడెక్కితే ఆ ఎడంలోంచి గాలి వేడిని లాక్కుపోతుంది, కింద గదిలోకి చల్లగాలి వస్తుంది. మట్టి తొక్కింది, నీళ్లు మోసింది, గచ్చు కొట్టింది ఊరివాళ్లే. ఆ బడికి 2004లో ఆగాఖాన్ పురస్కారం, కెరెకు 2022లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చాయి. బహుమతుల కంటే నాకు ముఖ్యమైంది ఇంకొకటి. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు ఆ తర్వాత కట్టుబడి పనివాళ్లుగా బతకగలిగారు.

గోడల మాట చాలు. లోపల ఏం నేర్చుకోవాలి? దీనికి ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దాని వెనక ఉంది. రైతులు, అందులో ఆడవాళ్లూ, వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం ఎంత లోతున ఉందో కొలిచారు, బోరు ఎంత పోస్తోందో బకెట్టూ గడియారమూ పెట్టి లెక్కగట్టారు. ఆ అంకెలు ఊరి బోర్డు మీద రాశారు. ముంగారు వానలు ముగిశాక అందరూ కూర్చొని నేల కింద ఎంత ఉంది, ఎవరు ఏ పంట వేస్తే ఎంత కావాలి అని బేరీజు వేసుకున్నారు. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడమనే శాసనంలోని ఐదో దోషానికి ఇది మన కాలపు వైద్యం. చట్టమూ లేదు, పోలీసూ లేడు. పక్కవాడి బోరు లోతు నాకూ, నా బోరు లోతు పక్కవాడికీ తెలిసింది, అంతే. వరి వేద్దామనుకున్నవాళ్లు కొందరు ఆ బోర్డు చూసి మనసు మార్చుకున్నారు.

అలాంటి పథకాలకు డబ్బు ఆగిన నాడు అలవాటు కూడా తెగే ప్రమాదం ఉంది. దానికి ఊళ్లో శాశ్వతమైన చోటు ఉండాలి. నేను కోరే ఏటి ఒడ్డు బడికి గోడ మీద ఆ బోర్డు గుండెకాయ. వానమాపకం ముంగిట్లో, కొలత గీతల బావి పెరట్లో, ఏటి మట్టం చూపే కూసాలు వాలులో. కార్తెల లెక్కతో విత్తే పెద్దలూ, సెల్‌ఫోనులో వాతావరణ సూచన చూసే కుర్రవాళ్లూ ఒకే అరుగు మీద కూర్చొని ఒకరి లెక్కను ఒకరు పరీక్షించాలి. మృగశిర ఏ ఏడు ఎంత కురిసిందో నాలుగేళ్ల పాటు గోడ మీద రాస్తే, ఎవరి మాట ఎంత నిలిచిందో గోడే చెబుతుంది.

ఇంకో పాఠం బడి బయట, కొండ మీద ఉంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడులో మొదలైన తింబక్తు కలెక్టివ్ గురించి మీకు తెలుసు. ఆ నేలకు వాళ్లు చేసిన వైద్యం నిప్పు పడకుండా కాయడం, మేతను అదుపులో పెట్టడం, వాలుకు అడ్డంగా గట్లు వేయడం. కొన్నాళ్లకు ముష్టికోవెల, ఆ చుట్టుపక్కల ఊళ్లు తమ కొండలకూ అదే చేశాయి. ఆ వేల ఎకరాలను ఇప్పుడు కల్పవల్లి అంటున్నాం. వేసవిలో గడ్డికి నిప్పంటుకోకుండా దారులు చెక్కి కాపలా కాశారు. గడ్డి వచ్చింది, గడ్డి వెంట ఊట వచ్చింది, ఊటల వెంట ఈతచెట్లు లేచాయి. కప్పుకు బోద, బుట్టకు ఈతాకు, చెరువుకు నీరు ఆ కొండే ఇచ్చింది. ఆ తర్వాత గాలిమరల కోసం కొండల మీద రోడ్లు తవ్వినప్పుడు నీటిదారులు చెదిరాయని ఊళ్లు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లవలసి వచ్చింది. గాలి కరెంటు మంచిదే. కానీ వాతావరణానికి మేలు చేస్తున్నామని కొండ నెత్తిని చెక్కేస్తే కింద చెరువు ఎండుతుంది. ఈ చిక్కు కూడా బడిలో దాచకుండా చెప్పాలి. పిల్లలు రెండు పక్షాలూ వినాలి.

మన జ్ఞాపకం గురించి ఒక మాట. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ముసలమ్మ ప్రాణమిచ్చి కాపాడిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో దాన్ని కావ్యంగా రాశారు. ఆ తల్లికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆరు దోషాలు రాతి మీద చెక్కిన సీమలోనే, చెరువు తెగితే ఇంటి కోడలి ప్రాణం అడిగిన కథ మనకు ఎక్కువ గుర్తుండిపోయింది. కట్ట ఎందుకు ఊరింది, ఎక్కువైన నీరు పొర్లిపోయే మరవ ఎంత వెడల్పు ఉండాలి, దాన్ని ఎవరు పూడ్చారు అని అడగడం మనం తగ్గించుకున్నాం. బడిలో ముసలమ్మ బొమ్మ పెడతామంటే పెట్టండి. దాని పక్కనే మరవ నమూనా ఒకటి మట్టితో చేసి, పిల్లల చేత నీళ్లు పోయించి, ఎక్కడ తెగుతుందో చూపించండి.

శాసనం పనివాళ్ల గుంపును అంగంగా లెక్కించింది, మంచిదే. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ రాయలేదు. బండ మీద మంట పరిచి, వేడికి లేచిన పొరను ఉలితో విడదీసే వడ్డెర్ల పనితనం, మడిమడికీ నీళ్లు తిప్పిన నీరుగంటి లెక్క, మిద్దె మీద చౌడు ఎంత మందాన వేయాలో కాలివేళ్లతో చెప్పే ముసలివాళ్ల తెలివి, ఇవేవీ పుస్తకాల్లోకి ఎక్కలేదు. వాళ్లలో చాలామంది దళితులు, వెనకబడిన కులాలవాళ్లు కావడమే దానికి కారణమని నేను అనుకుంటున్నాను. ఈ బడిలో వాళ్లు గురువుల పీట మీద కూర్చోవాలి. కూలికి పిలిచి పంపేయడానికి వీల్లేదు. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన ఉమ్మడి జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. మట్టిపని గౌరవమైన పని అని ప్రభుత్వమే ఇక్కడి నుంచి ఒప్పుకుంది. నేర్పే పనికి ఇంకా ఎక్కువ విలువ కట్టాలి.

ఒక చిక్కు మిగిలింది. మట్టి మిద్దెకు ఏటా మరమ్మతు కావాలి. వైశాఖంలో, ముంగారు పడకముందు, పాత చౌడు గీకి కొత్తది వేయాలి. కాంక్రీటును మనం ఎంచుకున్నది ఈ బాధ తప్పుతుందనే. నేను మాత్రం ఈ ఏటేటి పని కోసమే మట్టిని ఎంచుకోమంటున్నాను. మరమ్మతు అక్కర్లేని కట్టడం కట్టిన మర్నాటి నుంచి ఊరికి పరాయిదవుతుంది. తాళం పడుతుంది, బూజు పడుతుంది, పథకాల పేర్లున్న రాయి మాత్రం మిగులుతుంది. ఏటా ఒకనాడు ఊరంతా మిద్దెక్కి చౌడు తొక్కితే, ఆ రోజు పెద్దలు పిల్లలకు వాన గురించి మాట్లాడక తప్పదు. నిరుడు ఎక్కడ కారిందో, ఎందుకు కారిందో అందరికీ తెలుస్తుంది.

అయితే ఆ పని ఉచితంగా, ఊరి మీద ప్రేమతో జరిగిపోతుందని అనుకోవద్దు. ప్రేమ పేరుతో ఎప్పుడూ ఒకే వాడకట్టువాళ్లు పని చేసిపెట్టడం మనం చూశాం. ఆ రోజు కూలి పంచాయతీ పద్దులో ముందే రాసి ఉండాలి. చౌడు ఎక్కడ తవ్వాలో, ఎంత తొక్కాలో చెప్పే పెద్దలకు కూలికి రెట్టింపు ఇవ్వాలి. అయ్యవారి పేరున మీరు కూడబెట్టిన స్మారక నిధి ఉంది. వచ్చే ఏడాది నాలాంటి ఉపన్యాసకుడి దారి ఖర్చుల కంటే ముందు, దాని మీద వచ్చే వడ్డీలోంచి ఆ చౌడు కూలి పక్కన పెట్టమని నిధి చూస్తున్న పెద్దలకు నా విన్నపం.